కాలనీలో దొంగతనం, కుర్రాళ్లపై అనుమానం: పుకారును గుర్తించడం, ఆపడం

సమస్య: “పదహారేళ్ల పిల్లలు గ్యాంగులుగా తిరుగుతూ ఇళ్లు దోచుకుంటున్నారు, జాగ్రత్త” అనే వాయిస్ మెసేజ్ కాలనీ వాట్సాప్ గ్రూపులోకి వచ్చింది.

కారణం: అందులో మాట్లాడినది ఎవరో తెలియదు, ఊరి పేరు గానీ తేదీ గానీ ఉండదు, పంపినవారిని అడిగితే ఇంకొకరి పేరు చెబుతారు. వారు చెడ్డ ఉద్దేశంతో పంపరు, భయంతో పంపుతారు. అయినా ఆ భయం ఎంత దూరం పోగలదో 2018లో చూశాం. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు దిగాయన్న పుకారు దేశమంతా తిరిగిన ఆ రోజుల్లో, జులై 1న మహారాష్ట్రలోని ధూలే జిల్లా రైన్‌పాడాలో ఐదుగురు అమాయకులను జనం కొట్టి చంపారు.

పరిష్కారం: ఏ వీధిలో, ఏ రోజు, ఎవరు కళ్లారా చూశారు అని గ్రూపులోనే మర్యాదగా అడగండి. ఈ మూడింటికీ జవాబు రాని సందేశాన్ని ముందుకు పంపకండి.

సమస్య: సీసీ కెమెరా వీడియో ఉంది కదా, ఇంకా సాక్ష్యం ఎందుకంటున్నారు.

కారణం: వీడియో నిజమే కావచ్చు, ఊరు మనది కాకపోవచ్చు. మొన్న మే నెలలో మా అనంతపురంలో తిరిగిన ఒక వీడియోలో ఇద్దరు కుర్రాళ్లు బండి తాళం విరగ్గొడుతున్నారు. వారి వెనుక రోడ్డు మీద మోకాలి లోతు నీళ్లు పారుతున్నాయి, కానీ అప్పటికి మా ఊళ్లో వారాల తరబడి చినుకు పడలేదు.

పరిష్కారం: మూలన ఉన్న తేదీని, బండి నంబరు ప్లేటును, దుకాణం బోర్డు మీది లిపిని చూడండి.

సమస్య: దొంగతనం నిజంగానే జరిగింది, అందరి వేళ్లూ నీళ్ల ట్యాంకు దగ్గర కూర్చునే కుర్రాళ్ల వైపే చూపిస్తున్నాయి.

కారణం: ఇది మా వీధిలోనే జరిగింది. పట్టపగలు ఒక ఇంటి ముందున్న బండి కనబడకపోతే, ముందురోజు సాయంత్రం ట్యాంకు అరుగు మీద కూర్చున్న ముగ్గురు పిల్లల ఫొటోను ఎవరో గ్రూపులో పెట్టారు, దాన్ని నేను కూడా ఇంకో గ్రూపుకు పంపాను. వారు అక్కడ కూర్చునేది రేకుల ఇంట్లో ఆ ఎండకు ఉండలేకనే. వారిలో ఒకడి తల్లి, బండి పోయిన సమయానికి కొడుకు ఇంటర్ సప్లిమెంటరీ పరీక్ష రాస్తున్నాడని చూపించడానికి, హాల్ టికెట్ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగింది. మా గుమ్మం ముందు నిలబడి పరీక్ష తేదీ మీద వేలు పెట్టి “చూడు సార్” అన్న ఆమెకు చెప్పడానికి నా దగ్గర ఒక్క మాట కూడా లేకపోయింది. తర్వాత ఆ బండితో దొరికిన మనిషికి నలభై ఏళ్లుంటాయి.

పరిష్కారం: గ్రూపులో పెట్టే ముందు స్టేషనుకు వెళ్లి ఫిర్యాదు ఇవ్వండి. ఎఫ్‌ఐఆర్ నకలును ఫిర్యాదుదారుకు ఉచితంగా ఇవ్వాలి. నేరం జరుగుతుండగా చూస్తే 112కు ఫోన్ చేయండి. మీరు చూసింది, విన్నది, అనుకున్నది వేరువేరుగా చెప్పండి, ఎందుకంటే ఈ మూడూ కలిసిపోతే దర్యాప్తు దారి తప్పుతుంది.

సమస్య: “పిల్లాడిని పట్టుకుని సాయంత్రానికే వదిలేశారు, డబ్బులు తిన్నారు” అంటున్నారు.

కారణం: చాలాసార్లు అది చట్టం చెప్పిన పద్ధతే. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండని వారిని లాకప్‌లో గానీ జైలులో గానీ ఉంచకూడదు, 24 గంటల్లోగా పిల్లల కేసులు విచారించే బాలల న్యాయ మండలి ముందు హాజరుపరచాలి, బెయిలు ఇవ్వడమే సాధారణ నియమం. ఘోరమైన నేరమో, పెద్దవారితో కలిసి చేసినదో అయితే తప్ప, ఆ చట్టం కింద వచ్చిన 2016 నాటి నమూనా నియమాల ప్రకారం బాలుడిపై ఎఫ్‌ఐఆర్ కట్టకుండా స్టేషన్ డైరీలో నమోదు చేసి, అతని ఇంటి పరిస్థితులపై నివేదికను మండలికి పంపుతారు.

పరిష్కారం: సందేహం ఉంటే ప్రతి స్టేషనులోనూ ఉండవలసిన బాలల సంక్షేమ పోలీసు అధికారిని కలిసి అడగండి.

సమస్య: ఈ కాలంలో నేరాలన్నీ పిల్లలే చేస్తున్నారనిపిస్తోంది.

కారణం: ఒక్క సంఘటన పది గ్రూపుల్లో పదిసార్లు కనబడితే పది సంఘటనలు జరిగినట్టు అనిపిస్తుంది. జాతీయ నేర నమోదు సంస్థ లెక్కల్లో 2022లో దేశమంతటా నమోదైన కేసులు 58 లక్షల పైచిలుకు అయితే, మైనర్లపై నమోదైనవి 30,555, అంటే వందకు ఒకటి కూడా కాదు. నమోదు కానివి ఈ లెక్కలోకి రావన్నది నిజమే గానీ, “అన్నీ” అన్న మాటకు మాత్రం ఇక్కడ చోటు లేదు.

సమస్య: ఒక పిల్లవాడి ఫొటో ఇప్పటికే గ్రూపులోకి వెళ్లిపోయింది.

పరిష్కారం: వెంటనే అందరికీ కనబడకుండా తొలగించండి, పంపినవారు స్పందించకపోతే గ్రూపు అడ్మిన్ తొలగించవచ్చు. విచారణలో ఉన్న బాలుడి పేరు, చిరునామా, బడి, ఫొటో బయటపెడితే బాలల న్యాయ చట్టంలోని 74వ సెక్షన్ కింద ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. తొలగించి ఊరుకుంటే సరిపోదు, ఎందుకంటే చూసినవారి మనసులో అనుమానం అలాగే మిగిలిపోతుంది. ఫొటో ఏయే గ్రూపులకు పంపారో ఆ గ్రూపులన్నింటిలోనూ, “అది తప్పు” అని, పిల్లవాడి పేరు ప్రస్తావించకుండా రాయండి. నేను రెండు గ్రూపుల్లోనూ అలా రాసి, వీధిలోని ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని ఆ తల్లి ఇంటికి వెళ్లి, కొడుకు ఎదుటే ఆమెను క్షమించమని అడిగాను.