సిలికాన్ వేఫర్‌లో వి ఆకారపు గాడిని క్షారంతో తొలిచే విధానం

పొటాషియం హైడ్రాక్సైడ్ అనే క్షారపు ద్రావణంలో సిలికాన్ అన్ని దిశల్లోనూ ఒకే వేగంతో కరగదు. స్ఫటికంలోని తలాలను (100), (111) వంటి అంకెలతో గుర్తిస్తారు. (100) తలం కరిగే వేగంతో పోలిస్తే (111) తలం వంద రెట్లకు పైగా నెమ్మదిగా కరుగుతుంది కాబట్టి, ఉపరితలం (100) తలంగా ఉన్న వేఫర్ (సిలికాన్ పలుచని బిళ్ళ) మీద మాస్క్‌లో, అంటే ద్రావణం తగలకుండా కాపాడే పొరలో, సన్నని కిటికీ తెరిచి ముంచితే, గోడలు ఉపరితలానికి 54.7 డిగ్రీల వాలులో ఏర్పడి, అవి అడుగున కలుసుకోగానే ఎచింగ్ (ఇలా తొలిచే ప్రక్రియ) దాదాపు ఆగిపోతుంది. 100 మైక్రాన్ల వెడల్పున్న కిటికీకి సుమారు 71 మైక్రాన్ల లోతు వస్తుంది. అంటే లోతును నిర్ణయించేది గడియారం కాదు, కిటికీ వెడల్పు.

కాంతితో నమూనా గీయడానికి వాడే ఫోటోరెసిస్ట్ పూత ఈ ద్రావణంలో నిలవదు. దానితో నమూనాను గీసి, కింద మాస్క్‌గా ఉన్న సిలికాన్ నైట్రైడ్ పొరను ప్లాస్మాతో (విద్యుదావేశిత వాయువుతో) తెరిచి, ఆ తరువాత రెసిస్ట్‌ను తొలగించాలి. సిలికాన్ ఆక్సైడ్‌ను మాస్క్‌గా వాడవచ్చు గాని, 80 డిగ్రీల సెల్సియస్ వద్ద అది గంటకు దాదాపు అర మైక్రాన్ మేర కరిగిపోతుంది. లోతైన గాడులకు నైట్రైడే నమ్మదగినది.

ఎక్కువ మంది పొరపడేది అమరికలో. కిటికీ అంచులు స్ఫటికంలోని <110> దిశకు సమాంతరంగా లేకపోతే ద్రావణం మాస్క్ కిందికి తొలుచుకుపోయి గాడి వెడల్పవుతుంది. వేఫర్ అంచున ఉండే చదును ఈ దిశను చూపుతుంది గాని, అందులోనూ డిగ్రీలో కొంత భాగం తేడా ఉండవచ్చు. అందుకే స్వల్ప కోణభేదాలతో విసనకర్రలా పరిచిన గీతలను ముందుగా ఎచ్ చేసి, అతి తక్కువగా వెడల్పైన గీతను ఆధారంగా తీసుకోవడం మేలు.

ద్రావణం బరువులో 30 శాతం క్షారం ఉండాలి. గుళికలను నీటిలో కొద్దికొద్దిగా వేయాలే తప్ప వాటి మీద నీరు పోయకూడదు, ఎందుకంటే వేడి ఒక్కసారిగా పుట్టి ద్రావణం చిమ్ముతుంది. గాజును క్షారం తినేస్తుంది కనుక టెఫ్లాన్ పాత్ర వాడాలి. ముంచబోయే ముందు సహజంగా ఏర్పడిన ఆక్సైడ్‌ను పలుచని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో తీసేయాలి. ఆ ఆమ్లాన్ని తగిన శిక్షణ, రక్షణ దుస్తులు, ఆమ్లం తగిలితే పూసే కాల్షియం గ్లూకోనేట్ జెల్ అందుబాటులో లేకుండా ముట్టుకోరాదు.

80 డిగ్రీల వద్ద సిలికాన్ నిమిషానికి సుమారు ఒక మైక్రాన్ చొప్పున తొలగుతూ, కిటికీల నుండి హైడ్రోజన్ బుడగలు తీగల్లా పైకి లేస్తాయి. ఒక బుడగ అక్కడే అంటుకుని ఉంటే దాని కింద చిన్న గుట్ట మిగులుతుంది కనుక ద్రావణాన్ని కలుపుతూ ఉండాలి. బుడగలు రావడం ఇంచుమించు ఆగిన తరువాతే వేఫర్‌ను బయటికి తీసి, శుద్ధమైన నీటితో పలుమార్లు కడగాలి. అదే వేఫర్ మీద ట్రాన్సిస్టర్లు ఉంటే మాత్రం పొటాషియం అయాన్లు వాటిని పాడుచేస్తాయి కాబట్టి, ఈ క్షారానికి బదులు పొటాషియం లేని టెట్రామిథైల్ అమ్మోనియం హైడ్రాక్సైడ్‌ను ఎంచుకోవాలి.