మిర్చి గ్రేడులతో ఆర్డినల్ రిగ్రెషన్ – 4వ పాఠం: 2.46 రెట్లు అంటే దేనికి?

పోయిన పాఠంలో ఆర్డినల్ రిగ్రెషన్ మోడల్, అంటే కింది నుంచి పైకి వరుస ఉన్న గ్రేడులను అంచనా వేసే మోడల్, నడిపి ఆపాం. గుంటూరు యార్డుకొచ్చే తేజ రకం మిర్చి లాట్లకు తాలు, మీడియం, బెస్ట్, డీలక్స్ అని కింది నుంచి పైకి నాలుగు గ్రేడులు. కాయలు నేల మీద ఎండాయా, టార్పాలిన్ పట్టా మీద ఎండాయా అన్నది ఒక వేరియబుల్, తేమ శాతం ఇంకొకటి. అంకెలన్నీ సాధన కోసం అనుకున్నవి, యార్డు లెక్కలు కావు.

పట్టా కోఎఫిషెంట్ (గ్రేడు మీద పట్టా ప్రభావం చూపే అంకె) 0.9. గ్రేడుల మధ్య హద్దులు −1.5, 0.3, 2.0. అర్థం చెప్పేముందు గుర్తు సంగతి తేల్చుకోండి. ఆర్ (R) సాఫ్ట్‌వేర్‌లో పోలర్ (polr) ఫంక్షన్ వాడితే ప్లస్ అంటే పై గ్రేడు వైపు. శాస్ (SAS) సాఫ్ట్‌వేర్‌లో సెట్టింగులు మార్చకుండా నడిపితే అదే డేటాకు గుర్తు తిరగబడుతుంది. ఇది చూసుకోకపోతే, పట్టా వేస్తే కాయ పాడవుతుందని రిపోర్టులో రాసేస్తాం!

0.9కి ఎక్స్‌పొనెన్షియల్ (e^0.9) తీస్తే 2.46. ఇదే ఆడ్స్ రేషియో, అంటే రెండు ఆడ్స్‌ల నిష్పత్తి. అయ్యే సంభావ్యతను కాని సంభావ్యతతో భాగిస్తే వచ్చేది ఆడ్స్. దీన్ని చాలామంది "పట్టా వేస్తే డీలక్స్ అయ్యే అవకాశం 2.46 రెట్లు" అని రాస్తారు. అది తప్పు. చేత్తో వేసి చూద్దాం.

తేమ సగటు దగ్గర ఉందనుకోండి. నేల మీద ఎండిన లాట్ డీలక్స్ అయ్యే సంభావ్యత, హద్దు 2.0ని 1/(1+e^హద్దు)లో వేస్తే, 0.119. కాకపోవడం 0.881. భాగిస్తే ఆడ్స్ 0.135. పట్టా వేస్తే హద్దు 2.0 లోంచి 0.9 పోయి 1.1 అవుతుంది. సంభావ్యత 0.25, ఆడ్స్ 0.333. ఆడ్స్ 2.46 రెట్లయింది, సంభావ్యత మాత్రం 2.1 రెట్లే.

ఒక గీత, అంటే గ్రేడుల మధ్య హద్దు, కిందికి రండి (0.3 దగ్గరికి). "బెస్ట్ లేదా ఆపైన" సంభావ్యత 0.426 నుంచి 0.646కి పెరుగుతుంది, అంటే ఒకటిన్నర రెట్లు. ఆడ్స్ మాత్రం 0.74 నుంచి 1.82కి, మళ్లీ 2.46 రెట్లే. ఏ గీత దగ్గర కోసినా "ఆపైన" ఉండే ఆడ్స్ అంతే పెరుగుతుందన్నది ఈ మోడల్ పెట్టుకున్న షరతు. పీటర్ మెకల్లా 1980 పేపర్‌తో బాగా వాడుకలోకి వచ్చిన ప్రపోర్షనల్ ఆడ్స్ ఇదే.

మధ్య గ్రేడుల దగ్గర జాగ్రత్త. ఇక్కడ బెస్ట్ 31 శాతం నుంచి 40కి పెరిగింది, మీడియం 39 నుంచి 27కి తగ్గింది. కోఎఫిషెంట్ 0.9 బదులు 3 అయితే బెస్ట్ కూడా 21 శాతానికి పడిపోతుంది, ఎందుకంటే ఆ లాట్లు డీలక్స్‌లోకి వెళ్లిపోతాయి. అందుకే ప్లస్ గుర్తు చూసి "బెస్ట్ పెరుగుతుంది" అని రాయకూడదు. రిపోర్టులో ఇలా రాయండి: "తేమ సమానంగా ఉన్న లాట్లలో, పట్టా మీద ఎండినవాటికి ఏ గ్రేడు లేదా ఆపైన రావడానికైనా ఆడ్స్ 2.46 రెట్లు." పక్కనే నాలుగు గ్రేడుల సంభావ్యతల పట్టిక పెట్టండి. కమీషన్ వ్యాపారికైనా రైతుకైనా అర్థమయ్యేది ఆ పట్టికే.

ఇంటి పని: ఒక్కో శాతం తేమకు కోఎఫిషెంట్ −0.4, అంటే ఆడ్స్ రేషియో 0.67. తేమ 3 శాతం పెరిగితే ఎంత? 0.67ని మూడుతో గుణించకండి, 0.67 × 0.67 × 0.67 చేయండి. వచ్చే పాఠంలో బ్రాంట్ పరీక్ష చేసి, మూడు గీతల దగ్గరా 2.46 నిలుస్తుందో లేదో చూద్దాం.