చేనేత చీర కొట్లో కొనాలా, ఆన్‌లైన్‌లోనా? కొనేవారికీ అమ్మేవారికీ కొన్ని సూచనలు

పదివేలు పెట్టి పట్టు చీర కొనేటప్పుడు మనం ఆ డబ్బు నాలుగింటికి ఇస్తాం: పట్టు నాణ్యతకు, జరీకి, నేత పనికి, రంగు నిలకడకు. ఫోను తెరమీద స్పష్టంగా కనిపించేది మాత్రం ఈ నాలుగింటిలో లేని డిజైన్ ఒక్కటే. అందుకని ఎక్కడ చవకగా దొరుకుతుందో వెతకడానికి ముందు, పైవాటిలో దేనిమీద మీకు అనుమానం ఉందో, దాన్ని చేత్తో పట్టుకోకుండా తీర్చుకోగలరో లేదో ఆలోచించండి. తీర్చుకోగలిగితే ఆన్‌లైన్‌లో కొనడానికి భయపడనక్కరలేదు. తీర్చుకోలేకపోతే ఎంత తగ్గింపు ఇచ్చినా దుకాణానికి వెళ్లడమే మేలు.

దుకాణంలో ఏం చూడాలి

పోచంపల్లి చీరనే తీసుకుందాం. దీనికి 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఇందులో నేయడానికి ముందే దారానికి ముడులు కట్టి రంగు వేస్తారు కాబట్టి డిజైన్ దారంలోనే ఉంటుంది, బట్టకు రెండు వైపులా దాదాపు ఒకేలా కనిపిస్తుంది. పువ్వు అంచులు గీత గీసినట్టు కాకుండా కొద్దిగా చెదిరినట్టు ఉంటాయి. ఆ చెదురును లోపమనుకుని పక్కన పెట్టేవారు చాలామంది ఉన్నారు, అసలైన నేతకు గుర్తు అదే. బట్టమీద అచ్చు వేసిన నకలైతే వెనుకవైపు రంగు వెలిసినట్టు కనిపిస్తుంది. కాబట్టి చీరను తిరగేసి చూడడం మొదటి పని. తరువాత అంచుల వెంబడి సూది మొనంత రంధ్రాలు ఉన్నాయేమో చూడండి. మగ్గంమీద బట్ట ముడుచుకోకుండా పట్టి ఉంచే సాధనం వాటిని వదులుతుంది. కొన్ని మరమగ్గాల బట్టమీదా అలాంటి గుర్తులే పడతాయి కాబట్టి ఇదొక్కటే చూసి నిర్ణయానికి రాకూడదు.

పట్టు సంగతి తేల్చుకోవాలంటే కొంగు చివర వేలాడే పోగును ఒకటి అడిగి తీసుకుని, దుకాణం బయట కాల్చి చూడవచ్చు. పట్టు కాలితే వెంట్రుక కాలిన వాసన వస్తుంది, మిగిలిన బూడిద వేళ్ల మధ్య నలుగుతుంది. పాలిస్టర్ కరిగి గట్టి పూసలా మారుతుంది. గద్వాల చీరలో నూలు ఒంటికి పట్టు అంచు కలిసే చోట, అంటే కుప్పడం దగ్గర, రెండు చేతులతో మెల్లగా లాగి చూడాలి. అక్కడ సందు తెరుచుకుంటే ఆ చీర వద్దు. చివరగా, రంగును కొట్లో దీపాల కింద ఖాయం చేసుకోకండి. గుమ్మం దాకా తీసుకువెళ్లి పగటి వెలుతురులో చూడండి. మా ఇంట్లో ఒక పెళ్లికి మామిడిపండు రంగు అని కొన్న చీర ఇంటికి వచ్చాక నిమ్మపండు రంగులో కనిపించింది. అది ఆన్‌లైన్‌లో తెప్పించింది కాదు, దుకాణంలో గంటసేపు కూర్చుని ఎంచుకున్నదే.

ఆన్‌లైన్‌లో ఏం అడగాలి

ముందుగా వివరణలోని మాటలు జాగ్రత్తగా చదవాలి. ఆర్ట్ సిల్క్, సెమీ సిల్క్, సిల్క్ బ్లెండ్ అని రాసి ఉంటే అది స్వచ్ఛమైన పట్టు కాదు. పోచంపల్లి ప్రింట్ అంటే అచ్చు వేసిన బట్ట. పోచంపల్లి స్టైల్ అన్నా అనుమానించాల్సిందే. ఇవి అబద్ధాలు కావు, తొందరలో చదివేవారు గమనించరన్న ధీమాతో పెట్టిన మాటలు.

గుర్తుల విషయంలో చదువుకున్నవారూ పొరబడుతున్నారు. కేంద్ర పట్టు మండలి చొరవతో 2004లో వచ్చిన సిల్క్ మార్క్ ఆ బట్ట స్వచ్ఛమైన పట్టు అని మాత్రమే చెబుతుంది. అది చేత్తో నేసిందో మరమగ్గంమీద నేసిందో చెప్పదు. 2006లో వచ్చిన హ్యాండ్‌లూమ్ మార్క్ చేనేత అని చెబుతుంది కానీ పట్టు స్వచ్ఛతకు హామీ కాదు. చేనేత పట్టు చీర అని నమ్మాలంటే రెండు గుర్తులూ ఉండాలి, లేదా అమ్మేవారిమీద మీకు ముందే నమ్మకం ఉండాలి.

2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం అమ్మకందారు పేరు, చిరునామా, వాపసు షరతులు, సరుకు ఏ దేశంలో తయారైంది అన్న వివరాలు కొనేవారికి అందుబాటులో ఉండాలి. యాప్ పేరు చూసి కాకుండా, ఈ అమ్మకందారు పేరు చూసి నిర్ణయించుకోండి. సందేశం పంపే వీలుంటే కిటికీ పక్కన తీసిన వెనుకవైపు ఫొటో, అంచు దగ్గరి ఫొటో, చీర మొత్తం విప్పి చూపే వీడియో అడగండి. పొడవు మీటర్లలో చెప్పమనండి, రవిక గుడ్డ అందులో కలిసి ఉందో విడిగా ఉందో తెలుసుకోండి. ఇవి పంపడానికి ఇష్టపడని వారి దగ్గర ఖరీదైన చీర కొనవద్దని నా గట్టి సలహా.

రెండే మిగిలాయి, పది నిమిషాలే గడువు అంటూ తొందరపెట్టే బూటకపు ప్రకటనలను కేంద్రం 2023 నవంబరులో 13 మోసపూరిత పద్ధతుల జాబితాలో చేర్చింది. చేనేతలో సాధారణంగా ఒక పడుగుమీద, అంటే మగ్గానికి ఒకసారి కట్టిన నిలువు దారాలమీద, ఒకటికి మించి చీరలు నేస్తారు కాబట్టి, ఈరోజు చేజారిన చీరకు దగ్గరగా ఉండేది మరొకటి దొరికే అవకాశం ఎక్కువ. ఒక రాత్రి ఆగి కొనడం వల్ల పెద్దగా నష్టపోయేది లేదు.

చీర ఇంటికి వచ్చాక పార్సిల్ విప్పడం మొదలు పూర్తిగా మడత తీసేదాకా ఒకే వీడియోగా తీసుకోండి. వాపసు గడువు దాటేదాకా ట్యాగు తెంపకండి, ఫాల్ కుట్టించకండి. దుకాణాల్లో అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు అన్న బోర్డు చూసి వెనక్కి తగ్గనవసరం లేదు. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, అలాంటి గడువు రాయకపోతే 30 రోజుల్లోగా, వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వడానికి నిరాకరించడం 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద అనుచిత వ్యాపార పద్ధతి. రంగు నచ్చలేదన్నది మాత్రం లోపం కిందికి రాదు. బిల్లు లేకపోతే వాదన బలహీనపడుతుంది కాబట్టి, బిల్లు లేకుండా తగ్గిస్తామన్నా ఒప్పుకోకండి. ఆన్‌లైన్ సంస్థ ఫిర్యాదుల అధికారి మీ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోగా పరిష్కరించాలి. అలా జరగకపోతే జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం నంబరు 1915కు ఫోన్ చేయవచ్చు. ఆపైన మీరు నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు, అమ్మకందారు ఊరికి వెళ్లనక్కరలేదు.

అమెరికాలో ఉన్న బంధువులు వీడియో కాల్‌లో చీరలు ఎంచుకుని తెప్పించుకోవడం ఇప్పుడు మామూలైంది. అయితే 800 డాలర్లలోపు పార్సిళ్లకు అక్కడ ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29తో పోయింది. ఆ భారం ఎవరు భరిస్తారో డబ్బు పంపే ముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి.

అమ్మేవారు వేసుకోవలసిన లెక్క

చిన్న దుకాణదారులు, నేతన్నలు ఆన్‌లైన్‌లోకి వెళ్లేటప్పుడు ఎన్ని అమ్ముడవుతాయో లెక్క వేస్తారు కానీ ఎన్ని తిరిగి వస్తాయో వేయరు. దెబ్బ తగిలేది అక్కడే. ఒక ఊహా లెక్క చూద్దాం, జీఎస్టీని పక్కన పెడదాం. 2,200 రూపాయలు పడిన చీరను 3,000కు అమ్ముతున్నారు, కమిషన్ 12 శాతం, పంపడానికి 100, తిరిగి రావడానికి మరో 100, ప్యాకింగుకు 30 అనుకుందాం. పది పంపితే రెండు తిరిగి వచ్చాయి. చీరకు 800 చొప్పున ఎనిమిదిమీద వచ్చిన 6,400లో కమిషన్‌కు 2,880, రవాణాకు 1,200, ప్యాకింగుకు 300 పోగా చేతికి 2,020 మిగులుతుంది. అదే నాలుగు తిరిగి వస్తే మిగిలేది 940 మాత్రమే. ఆ నాలుగింటిలో ఒకదానికి మరక పడి వెయ్యి తగ్గించి అమ్మవలసి వస్తే అరవై రూపాయలు ఎదురు పెట్టుకున్నట్టవుతుంది.

దుకాణంలో ఖర్చు వేరే తీరుగా ఉంటుంది. అద్దె, జీతాలు, కరెంటు బిల్లు అమ్మకం జరిగినా జరగకపోయినా వస్తాయి, కానీ కొనేవారు బట్టను చేత్తో చూసే తీసుకుంటారు కాబట్టి తిరిగి తెచ్చేవారు తక్కువ. అందుకే అద్దె ఎలాగూ కడుతున్నవారు పెళ్లి పట్టు చీరలను దుకాణంలోనే అమ్ముతూ, ఫోనును చూపించడానికీ కబురు చేయడానికీ వాడుకోవడం మంచిది. మంగళగిరి నూలు చీరలు, డ్రెస్ మెటీరియల్, తువాళ్లు, లుంగీలు వంటి ముందే అంచనా వేయగల సరుకును ఆన్‌లైన్‌లో పెట్టవచ్చు. నేతన్నలూ సహకార సంఘాలూ కేంద్ర జౌళి శాఖ నడిపే ఇండియా హ్యాండ్‌మేడ్ వేదికను కూడా చూడాలి.

పన్ను విషయంలో సరుకుల అమ్మకానికి జీఎస్టీ నమోదు పరిమితి ఏడాది అమ్మకాల లెక్కన ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. ఆ పరిమితిలోపు ఉన్నవారు 2023 అక్టోబరు 1 నుంచి పూర్తి జీఎస్టీ నమోదు లేకుండా, ఎన్‌రోల్‌మెంట్ సంఖ్య మాత్రమే తీసుకుని ఆన్‌లైన్ వేదికల ద్వారా సొంత రాష్ట్రంలో అమ్ముకోవచ్చు. వేదిక ద్వారా పొరుగు రాష్ట్రానికి అమ్మాలంటే ముందుగా ఆడిటరును సంప్రదించి జీఎస్టీ నమోదు సంగతి చూసుకోవాలి. నమోదైనవారి అమ్మకాలమీద వేదిక 0.5 శాతం పన్నుగా ముందే పట్టి ఉంచుతుంది. రిటర్నులు సకాలంలో వేస్తే అది మీ ఖాతాలో జమవుతుంది, వేయకపోతే అక్కడే ఇరుక్కుపోతుంది.

వాపసులు తగ్గించడానికి నిజాయితీ వివరణకు మించిన ఉపాయం నాకు కనిపించలేదు. సెమీ సిల్క్‌ను పట్టు అనకండి. దీపాల కింద కాకుండా ఉదయం వెలుతురులో ఫొటో తీయండి, వెనుకవైపు కూడా చూపండి, బరువును గ్రాముల్లో రాయండి. వాపసు వచ్చిన ప్రతి చీరకూ కారణాన్ని ఒక పుస్తకంలో తేదీతో రాసి పెట్టండి. ఒకే చీరమీద మూడుసార్లు రంగు ఫిర్యాదు వస్తే ఆ ఫొటో తీసేసి కొత్తది తీశాకే మళ్లీ అమ్మకానికి పెట్టండి.