కరెంటు పోయిందని చేయి పెట్టకండి: వానలకు ముందు పెరటి పనుల్లో జాగ్రత్తలు

పోయిన ఆదివారం మా పక్క వీధిలో ఒక కుర్రాడికి రెండు వేళ్లు తెగిపోయాయి. తోటపని చేసుకుని బతికే పిల్లవాడు, పాతికేళ్లు కూడా ఉండవు. దీపావళికి చుట్టాలు వస్తున్నారని ఇంటివారు వాకిట్లోని పచ్చిక కత్తిరించమన్నారు. తెల్లవారుజామున జల్లు పడి గడ్డి తడిసి ఉంది. గడ్డి కోసే మిషను పొట్టలో తడిగడ్డి ముద్దలుగా అంటుకుపోయి బ్లేడును బిగదీసేస్తుంది. అతను రెండుసార్లు ఆపి దులిపాడు. మూడోసారి ఆపే పని లేకుండా కరెంటే పోయింది. ఊరికే కూర్చోవడం ఎందుకని మిషనును వెల్లకిలా తిప్పి, ముద్దలను వేళ్లతో గీకడం మొదలుపెట్టాడు. అప్పుడు కరెంటు వచ్చింది.

ఆసుపత్రిలో చూడడానికి వెళ్తే నాతో ఒకే మాట అన్నాడు: "కరెంటు లేదు కదండీ, అందుకే పెట్టాను."

నేను చెన్నైలోని అంబత్తూరు పారిశ్రామికవాడలో 31 ఏళ్లు మెయింటెనెన్సు ఎలక్ట్రీషియనుగా పనిచేశాను. ఈ మాట వినడం ఇది నాలుగోసారి. నలుగురూ తెలివైనవాళ్లే. నాలుగో మనిషి, అంటే ఈ కుర్రాడు, పేరు చెప్పుకోవడానికి సిగ్గుపడాల్సిన అవసరం లేదు, ఎందుకంటే మూడో మనిషిని నేనే. మా ఇంటి బావి మోటారు ఫ్యానులో ఎండుటాకు ఇరుక్కుంటే, కరెంటు లేదు కదా అని వేలు పెట్టి లాగాను. గోరు పోయి, మళ్లీ వంకరగా మొలిచింది. ఫ్యాక్టరీలో పదిమందికి జాగ్రత్తలు చెప్పి, ఇంటికొచ్చి చేసిన ఘనకార్యం అది.

ఈశాన్య రుతుపవనాలు సాధారణంగా అక్టోబరు మూడో వారానికి చెన్నైకి చేరతాయి. మనకు ఏడాదిలో పడే వానలో సగానికి పైగా అక్కడి నుంచి డిసెంబరు లోపే పడుతుంది. పండగలకు పెరడు శుభ్రం చేయించేదీ అప్పుడే, గడ్డి ఏపుగా ఎదిగేదీ అప్పుడే, కరెంటు పోతూ వస్తూ ఉండేదీ అప్పుడే. అందుకే ఇది ఇప్పుడు రాస్తున్నాను. చెప్పులు వేసుకోండి, పిల్లల్ని దూరంగా ఉంచండి అనేవి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

మిషను సంగతి

కరెంటు పోవడం వేరు, ప్లగ్గు పీకడం వేరు. మిషను ఆగిపోయి ఉంటే అది చచ్చిపోయినట్టు కాదు, నిద్రపోతున్నట్టు. ఎవరు ఎప్పుడు లేపుతారో మీకు తెలియదు. సబ్‌స్టేషనులో ఉన్న మనిషికి మీ చేయి ఎక్కడుందో తెలియదు. ఇంట్లో ఉన్న ఇన్వర్టరుకూ తెలియదు. చాలా ఇళ్లలో వరండా ప్లగ్గు పాయింటును కూడా ఇన్వర్టరు లైనుకే కలిపి ఉంటారు. కరెంటు పోయిందని మీరు అనుకునేలోపే అది అందుకుంటుంది. ఇంటి ఇల్లాలు మిక్సీ వేసుకోవడానికి వచ్చి, "ఈ స్విచ్చి ఎవరు ఆపారు?" అనుకుంటూ నొక్కవచ్చు. అది కూడా చూశాను.

ఫ్యాక్టరీలో మాకు ఒక అలవాటు ఉండేది. యంత్రం మీద చేయి వేసే ముందు ఫ్యూజు క్యారియర్ (ఫ్యూజు తీగ బిగించే ముక్క, అది లేకపోతే కరెంటు పారదు) పీకి చొక్కా జేబులో పెట్టుకునేవాళ్లం. పింగాణీది, బరువుగా ఉండేది, జేబు వేలాడేది. భోజనానికి వెళ్లినా అది జేబులోనే. ప్రాణం జేబులో ఉన్నట్టే లెక్క. ఇంట్లో గడ్డి కోసే మిషనుకు కూడా అదే పద్ధతి: ప్లగ్గు పీకండి, పీకిన ప్లగ్గును తీగతో సహా తెచ్చి మిషను పక్కనే, మీ కళ్ల ముందు పెట్టుకోండి. గోడ దగ్గర వదిలేసి వస్తే ఎవరైనా సాయం చేద్దామని మళ్లీ పెడతారు. సాయం చేసేవాళ్లతోనే ఎక్కువ ప్రమాదం.

ఇంకొక సంగతి. మంచి మిషనులకు పిడి దగ్గర ఒక మీట ఉంటుంది. నొక్కిపట్టినంతసేపే బ్లేడు తిరుగుతుంది, వదిలితే ఆగుతుంది. ఆ కుర్రాడు వాడిన మిషనుకూ అది ఉంది. మరి కరెంటు రాగానే ఎందుకు తిరిగింది? ఆ ఇంటికి వెళ్లి చూశాను. మీటను పిడికి బిగించి సైకిలు ట్యూబు ముక్కతో నాలుగు చుట్లు చుట్టి, ముడి మీద ముడి వేసి ఉంది. రబ్బరు ఎండకు పగుళ్లు తీసింది, అంటే ఈ ఏడాది కట్టింది కాదు. చేయి నొప్పి పుడుతుందని ఎవరో ఎప్పుడో కట్టారు. ఆ ఇంటామె, "అది మిషనుతో పాటే వచ్చిందేమో అనుకున్నాం అన్నయ్యగారూ" అంది.

స్విచ్చి ఆపినా బ్లేడు కొన్ని సెకన్లు తిరుగుతూనే ఉంటుంది. అది నిమిషానికి మూడు వేల చుట్లకు అటూ ఇటూగా తిరిగే ఇనుము. శబ్దం ఆగింది కదా అని వంగకండి. గడ్డి ముద్దలు తీయడానికి వేళ్లు కాదు, కర్ర వాడండి. పెట్రోలు మిషను అయితే స్పార్కు ప్లగ్గు టోపీ ఊడదీయండి. బ్లేడును చేత్తో కదిపినా ఇంజను ఒక చుట్టు తిరిగి అంటుకునే వీలుంది. బ్యాటరీది అయితే బ్యాటరీ తీసి పక్కన పెట్టండి.

అసలు తడిగడ్డి కోయకండి. రెండు రోజులు ఎండ వచ్చేదాకా ఆగితే కొంపలేమీ మునగవు. తడిసినప్పుడు కోస్తే మొనలు చిరిగి బూజు తెగులు కూడా వస్తుంది. (కొరియన్ గడ్డి అని అడుగుకు ఇంత అని డబ్బు పోసి కార్పెట్లు పరిపిస్తారు, దాని మధ్య గరిక మొలిస్తే కలుపని పీకి పారేస్తారు. ఆ గరికనే వినాయక చవితికి బజారులో కొనుక్కొస్తారు. ఎవరి ఇష్టం వారిది.)

తీగ సంగతి

హాల్లో టీవీకి వాడే ఎక్స్‌టెన్షన్ బాక్సును కిటికీలోంచి బయటికి లాగి గడ్డి మీద పెట్టడం మన దగ్గర పరిపాటి. ఆ తీగ మధ్యలో ఎక్కడో ఒక అతుకు ఉంటుంది. అతుకు మీద నల్లటేపు ఉంటుంది. టేపు ఎండలో వదులై, వానలో ఊడి, తడిగడ్డిలో పడి ఉంటుంది. తోటలోకి వెళ్లే తీగలో అతుకు ఉండకూడదు. టేపు కొత్తది వేశాం అనకండి, తీగ కొత్తది కొనండి. ఎర్తు తీగతో కూడిన మూడు తీగల రబ్బరు కేబులు అడిగి తీసుకోండి. పిన్ను పట్టడం లేదని ప్లగ్గు ఎర్తు కాలును విరవకండి.

మీటరు బోర్డులో ఎంసీబీ (కరెంటు ఎక్కువ పారితే దానంతట అదే పడిపోయే స్విచ్చి) ఉంది కదా, పడిపోతుంది కదా అంటారు. అది తీగను కాపాడడానికి పెట్టింది, మిమ్మల్ని కాదు. 16 ఆంపియర్ల ఎంసీబీ పడాలంటే అంతకు మించిన కరెంటు పారాలి, మనిషి గుండె తడబడడానికి అందులో వందో వంతు కూడా అక్కర్లేదు. మనుషుల కోసం ఉన్నది ఆర్‌సీసీబీ, 30 మిల్లీ ఆంపియర్లది. వెళ్లిన కరెంటు వెళ్లినంతా తిరిగి రాకపోతే, అంటే ఎవరి ఒంటి గుండానో నేలలోకి దిగుతుంటే, రెప్పపాటులో ఆపేస్తుంది. దాని మీద ఒక పరీక్ష బటను ఉంటుంది. నెలకోసారి నొక్కండి. పడకపోతే అది అలంకారం. అయితే ఆర్‌సీసీబీ వేయించాం కదా అని మళ్లీ మిషను కింద చేయి పెట్టకండి. బ్లేడు వేలు కోస్తే దానికి ఏమీ తెలియదు. ప్లగ్గు పీకండి.

పాత ఇళ్లలో ఇంకొక తిరకాసు ఉంది. స్విచ్చిని ఫేజు (కరెంటు వచ్చే తీగ) మీద కాకుండా న్యూట్రలు (తిరిగి వెళ్లే తీగ) మీద వేసేసి ఉంటారు. స్విచ్చి ఆపితే మిషను ఆగుతుంది, అయినా దాని లోపలిదాకా ఫేజు నిలబడే ఉంటుంది. స్విచ్చి ఆపి, ప్లగ్గు పాయింటులో టెస్టరు పెట్టి చూడండి. వెలిగితే ఆ పాయింటును ఎలక్ట్రీషియను సరిచేసేదాకా తోటపనికి వాడకండి. అందుకే నేను స్విచ్చి ఆపండి అని ఎక్కడా అనడం లేదు. పీకండి అంటున్నాను.

చెట్లు

2016 డిసెంబరు 12న వర్దా తుపాను తీరం దాటినప్పుడు నగరంలో చెట్లు వేలల్లో పడ్డాయి. గాలి మొదలయ్యాక కొమ్మలు కొట్టించడం కంటే ఇప్పుడే బరువు తగ్గించడం మేలు. కరెంటు తీగకు దగ్గరగా ఉన్న కొమ్మను మాత్రం మీరు ముట్టుకోవద్దు, లైన్‌మన్‌ను పిలిచి లైను ఆపించాకే. ఇనుప గొట్టానికి కొడవలి కట్టిన దోటిని అసలు బయటికి తీయకండి. అల్యూమినియం నిచ్చెన కూడా అంతే. ఇక మునగచెట్టు: ఎవరినైనా పొగిడి పని చేయించుకుంటే మునగచెట్టు ఎక్కించారని ఊరికే అనరు. కొమ్మ లావుగా కనిపిస్తుంది, పెళుసుగా విరుగుతుంది. నిజంగా ఎవరినీ ఎక్కించకండి.

ఇక మిగిలినవి వరసగా రాసేస్తాను, విడదీసి పెట్టే ఓపిక లేదు.

పడిన కొబ్బరి మట్టలు గోడ వారన కుప్ప వేసి ఉంచకండి. వాన నీరు కలుగుల్లోకి వెళ్లాక పాములు పొడి చోటు వెతుక్కుంటాయి, మీరు కట్టిపెట్టిన ఇల్లు అది. కుండీ జరిపే ముందు కర్రతో కదపండి. గంబూట్లు వేసుకోండి, వేసుకునే ముందు తలకిందులు చేసి దులపండి.

పాము కరిస్తే తాడు కట్టవద్దు, కోయవద్దు, నోటితో పీల్చవద్దు. కరిచిన కాలో చెయ్యో కదలకుండా ఉంచి 108కి ఫోను చేయండి, విరుగుడు మందున్న ఆసుపత్రికి వెళ్లండి. ఏ పామో చూపించాలని వెంటపడి చంపి సంచిలో తీసుకెళ్లే పని లేదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర వంటి నాలుగు ముఖ్యమైన విషసర్పాలకూ కలిపి మన దేశంలో ఇచ్చే మందు ఒకటే. ఆ మందుకు కావలసిన విషంలో పెద్ద భాగం ఇక్కడే, మహాబలిపురం దారిలోని వడనెమ్మేలిలో 1978 నుంచి నడుస్తున్న పాములు పట్టే ఇరుళర్ తెగవారి సహకార సంఘం తీసి ఇస్తోంది. పామును పట్టే పని వాళ్లకు వదిలేయండి.

కట్లపాము కాటు నొప్పి పుట్టకపోవచ్చు. రాత్రి తోటలోకి టార్చి లేకుండా వెళ్లకండి.

షుగరు ఉన్నవారు, కాలి మీద పుండు ఉన్నవారు వాన బురదలో దిగకండి. ఎలుకలు తిరిగిన నీళ్లలో ఉన్నదేమిటో కంటికి కనిపించదు. దిగక తప్పకపోతే బూట్లు, చేతి తొడుగులు. తర్వాత జ్వరం వస్తే మట్టిలో పనిచేశానని డాక్టరుకు చెప్పండి, ఆయన అడగకపోయినా చెప్పండి.

కుండీల కింది పళ్లాలు వారానికోసారి వంచి, రుద్ది, ఆరబెట్టండి. దోమ గుడ్డు నుంచి దోమ కావడానికి వారం పది రోజులే.

ధనుర్వాతం సూది చివరిసారి ఎప్పుడు వేయించుకున్నారో గుర్తుందా? లేదంటే వేయించుకోండి.

కలుపుమందును కూల్‌డ్రింకు సీసాలో పోయకండి. పారాక్వాట్ అనే కలుపుమందుకు విరుగుడు లేదు. చదివి ఊరుకోకండి, ఇంట్లో ఉంటే ఇప్పుడే వెళ్లి ఏ సీసాలో ఉందో చూడండి.

వాన వచ్చే ముందు యూరియా చల్లకండి. డబ్బు కాలవలో పోసినట్టే.

సంపులోకి ఎవరినీ దింపకండి. చాలాకాలం మూసి ఉంచిన సంపులో పీల్చుకునే గాలి ఉండకపోవచ్చు. ఒకరు పడిపోతే తీయడానికి రెండో మనిషి దిగకూడదు.

బావి మోటారుకు ఆటోమేటిక్ స్టార్టరు ఉంటే కరెంటు రాగానే దానంతట అదే తిరుగుతుంది. దాని పని అదే. దాని మీద చేయి వేసే ముందు మెయిను దించండి, మెయిను దగ్గర ఒక మనిషిని నిలబెట్టండి.

నీళ్లు ఇంట్లోకి వచ్చేలా ఉంటే బోర్డు తడవకముందే మెయిను ఆపండి. మోకాలి లోతు నీళ్లలో నిలబడి ఆపడానికి వెళ్లకండి.

చెట్లకు చుట్టే దీపాల తోరణాలు వాన పడుతుండగా వేయకండి, తీయకండి.

తోటమాలికి తొందర పెట్టకండి. చుట్టాలు గడ్డి ఎత్తు కొలవరు.

అతను చేసే పని మీకు కనిపించేలా అక్కడే కుర్చీ వేసుకుని కూర్చోండి. కరెంటు పోగానే మీరే లేవండి, మీరే ప్లగ్గు పీకండి, తెచ్చి అతని చేతికివ్వండి.

ఇది చదవగానే కొట్టంలోకి వెళ్లి మిషను పిడి చూడండి. మీటకు గుడ్డపేలికో, తాడో, ట్యూబు ముక్కో కట్టి ఉంటే కత్తెరతో కోసి పారేయండి. కోసే ముందు ప్లగ్గు పీకి ఉందో లేదో చూసుకోండి.