గుర్రాలకి, మేకలకి ధనుర్వాతం రాకుండా ఎలా చూసుకోవాలి? వస్తే ఏం చేయాలి?

చెన్నైలో మా మాధవరం వైపు మేకలు పెంచే తెలుగువాళ్ళు బాగానే ఉన్నారు, ఒకరిద్దరికి గుర్రం కూడా ఉంది, వాళ్ళకి నేను ఎప్పుడూ చెప్పే మాట ఒకటే, రక్తం కారే పెద్ద గాయం కన్నా డెక్కలో దిగిన చిన్న మేకుకే ఎక్కువ భయపడండి. పైన మూసుకుపోతుంది, లోపలికి గాలి ఆడదు, మట్టిలో పేడలో ఉండే ధనుర్వాతం క్రిమి పెరగడానికి కావాల్సింది అదే. గుర్రాలకి ఇది అన్నిటికన్నా తేలిగ్గా వస్తుంది, తర్వాత గొర్రెలు మేకలు, ఆవులకి కాస్త తక్కువ.

ముందు టీకా. గుర్రానికి టెటనస్ టాక్సాయిడ్ మొదట రెండు డోసులు, మధ్యలో 4 నుంచి 6 వారాలు గ్యాప్, ఆ తర్వాత ఏడాదికోసారి. కడుపుతో ఉన్న గుర్రానికి ఈనడానికి 4-6 వారాల ముందు బూస్టర్ వేయిస్తే జున్నుపాలతో పిల్లకి కూడా రక్షణ వస్తుంది. మేకలకి ఎప్పుడెప్పుడు వేయాలో మీ పశువుల డాక్టర్‌ని అడగండి.

రెండోది, రోజూ సాయంత్రం డెక్కలు ఎత్తి చూడండి, షెడ్డులో మేకులు తీగముక్కలు ఏరేయండి. పుట్టిన పిల్ల బొడ్డుకి వెంటనే అయోడిన్ పెట్టాలి. మేకపోతు విత్తులు ఎండి రాలిపోయేలా వాటికి రబ్బరు రింగు వేయించేట్టయితే ధనుర్వాతం ఇంజెక్షన్ సంగతి ముందే మాట్లాడుకోండి, మా పక్కింటి మేకపోతు అలాగే పోయింది, రింగు వేసిన పది రోజులకి కాళ్ళు కర్రల్లా చాపేసి పడుకుంది, నోట్లో ఆకు పెడదామంటే దవడ తెరుచుకోలేదు. ఇప్పటికీ గుర్తొస్తే బాధేస్తుంది.

మేకు దిగితే? డాక్టర్ తొందరగా వచ్చే పనైతే గుర్రం డెక్కలోది మీరు పీకొద్దు, ఎంత లోతు ఎటువైపు దిగిందో ఎక్స్‌రేలో తెలుస్తుంది, అది ఇంకా లోపలికి దిగకుండా నడిపించకుండా నిలబెట్టండి చాలు. మిగతా గాయాలు సెలైన్‌తో కడిగి బీటాడిన్ పెట్టండి. బూడిద, పేడ, మట్టి మాత్రం దయచేసి పూయకండి. టీకా లేని గుర్రమైతే అదే రోజు యాంటీటాక్సిన్ (ఆ క్రిమి వదిలే విషాన్ని విరిచే ఇంజెక్షన్) పడాలి, టీకా వేసి ఆరు నెలలు దాటితే బూస్టర్.

సాధారణంగా 1 నుంచి 3 వారాల్లో లక్షణాలు బయటపడతాయి, అప్పటికి గాయం మానిపోయి ఉండొచ్చు కూడా. చెవులు నిక్కబొడుచుకుంటాయి, తోక లేచి ఉంటుంది, నడక కొయ్యబారుతుంది, చిన్న చప్పుడుకే ఉలిక్కిపడుతుంది. కంటి లోపలి మూలనుంచి ఒక తెల్లటి పొర సర్రున కన్ను మీదికి వచ్చి వెళ్తుంది, అది మూడో రెప్ప, గుర్రంలో అది కనిపిస్తే ఇంక ఆగకండి. ఆవులకి కడుపుబ్బరం కూడా వస్తుంది.

పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేయండి, లేదా వేపేరి పశువుల ఆసుపత్రిలో అడగండి, కానీ బిగుసుకుపోయిన గుర్రాన్ని డాక్టర్ చెప్పకుండా బండెక్కించొద్దు. పెన్సిలిన్, యాంటీటాక్సిన్, మత్తు మందు డాక్టర్ పని. అయితే నరాలకి అప్పటికే పట్టేసిన విషాన్ని యాంటీటాక్సిన్ తీయలేదు, అందుకే మిగతా సేవంతా మనదే, అది వారాలు పడుతుంది. చీకటి గది, కింద మందంగా గడ్డి, చెవుల్లో దూది, లారీ హారన్లు టపాసులు వినపడని మూల చూడండి. నీళ్ళు, మేత ఛాతీ ఎత్తులో పెట్టండి, వంగలేదు కదా. నోట్లో బలవంతంగా పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇది ఒకదాన్నుంచి ఇంకోదానికి అంటుకోదు. బతికి బయటపడ్డాక కూడా టీకా వేయించాలి, ఒకసారి వచ్చిందని మళ్ళీ రాకుండా ఉండదు. ఆ మేకు మీ కాలికి గుచ్చుకున్నా అంతే, వెళ్ళి టీటీ వేయించుకోండి.