వికీపీడియాలో డేటా మైనింగ్ సాఫ్టువేరు వ్యాసాన్ని దిద్దే పద్ధతి

గోదావరి జిల్లాల ఇంజినీరింగు కళాశాలల్లో డేటా మైనింగ్ (డేటాలో దాగిన నియమాలను వెలికితీయడం) ల్యాబ్ అనగానే విద్యార్థులకు ముందుగా గుర్తుకు వచ్చే సాఫ్టువేరు పేరు వెకా. భీమవరంలో ఈ పాఠం చెప్పే నేను, నా విద్యార్థుల చేత ఆ సాఫ్టువేరు గురించి తెలుగు వికీపీడియాలో రాయించే ప్రయత్నంలో నేర్చుకున్న పద్ధతిని ఇక్కడ వివరిస్తున్నాను. 2003 డిసెంబరులో మొదలైన తెవికీ (తెలుగు వికీపీడియా)లో ఎవరైనా దిద్దుబాటు చేయవచ్చు. అయితే చేసిన దిద్దుబాటు నిలవాలంటే వాక్యం రాయడానికి ముందే దానికి మూలం చేతిలో ఉండాలి.

మొదట ఖాతా తెరిచి, వ్యాసాన్ని పూర్తిగా చదవండి. ఆ తరువాత దాని చర్చ పేజీని, చరిత్రను తప్పక చూడండి. మీరు చేర్చదలచుకున్న విషయాన్ని అంతకు ముందే ఒకరు చేర్చి ఉండవచ్చు, మరొకరు కారణం చెప్పి తొలగించి ఉండవచ్చు. పెద్ద మార్పును నేరుగా వ్యాసంలో మొదలుపెట్టకుండా, మీ ప్రయోగశాల పేజీలో (వాడుకరి సాధన కోసం ఉండే పేజీలో) రాసుకుని మధ్యమధ్యలో భద్రపరచుకోవడం మంచిది. వానాకాలంలో కరెంటు పోయి గంట సేపు టైపు చేసిందంతా పోగొట్టుకున్న విద్యార్థులను నేను చూశాను.

ఇక మూలాల విషయానికి వస్తే, అసలు శ్రమ అంతా ఇక్కడే ఉంటుంది. సాఫ్టువేరును తయారు చేసినవారి వెబ్‌సైటు కొన్ని విషయాలకు చాలు: ఏ భాషలో రాశారు, ఏ లైసెన్సు కింద విడుదల చేశారు, తాజా వెర్షను ఏది అన్నవాటిని అక్కడి నుంచి తీసుకోవచ్చు. వెకాను జావా ప్రోగ్రామింగ్ భాషలో రాశారని, అది ఎవరైనా వాడుకుని మార్చుకోవడానికి వీలిచ్చే గ్నూ జీపీఎల్ లైసెన్సు కింద లభిస్తుందని చెప్పడానికి వారి మాటే ఆధారం. కానీ అది వేగవంతమైనదనో, సులభమైనదనో, అందరూ మెచ్చినదనో చెప్పడానికి వారి మాట పనికిరాదు. ఇందులో మనం తేలికగా పొరబడే చోటు ఒకటుంది. మన విద్యార్థులు చదివే ప్రసిద్ధ పాఠ్యపుస్తకాన్ని రాసిన ఇయాన్ విట్టెన్, ఐబె ఫ్రాంక్‌లు న్యూజీలాండ్‌లోని వైకాటో విశ్వవిద్యాలయంలో వెకాను రూపొందించిన బృందంలోని వారే. పుస్తకం ఎంత గొప్పదైనా, వెకా విషయంలో అది స్వతంత్ర మూలం కాదు. సాఫ్టువేరు పనితీరును వివరించడానికి ఆ పుస్తకాన్ని వాడండి. దాని ప్రాముఖ్యతను నిరూపించడానికి మాత్రం ఆ బృందంతో సంబంధం లేనివారు రాసిన పరిశోధన పత్రాలను, సమీక్షలను వెతకండి.

ఒక ఉదాహరణ చెబుతాను. ఆకివీడు వైపు నుంచి వచ్చే ఒక విద్యార్థి తన తండ్రి రొయ్యల చెరువు పుస్తకంలో రోజూ రాసే ఆక్సిజన్, పీహెచ్, ఉప్పదనం అంకెలను వెకాలోకి ఎక్కించి, ఏ రోజుల్లో తెల్లవారుజామున ఆక్సిజన్ ప్రమాదకరంగా పడిపోతుందో అంచనా వేసే ప్రయత్నం చేశాడు. రాత్రంతా నీటిలోని నాచు, రొయ్యలు ఆక్సిజన్‌ను పీల్చుకుంటూనే ఉంటాయి, వెలుతురు లేనందువల్ల కొత్తది తయారుకాదు. అందుకే రైతులు ఆ వేళకు నీటిలోకి గాలిని కలిపే ఏరియేటర్లు తిప్పుతారు. అతని పని చాలా బాగుంది. కానీ, "వెకా రొయ్యల రైతులకు ఎంతో ఉపయోగకరం" అన్న అతని వాక్యాన్ని నేను వ్యాసంలోకి పోనివ్వలేదు. ఇంతవరకు ఎక్కడా ప్రచురితం కాని సొంత పరిశోధనకు వికీపీడియాలో చోటు లేదు. అతని కష్టాన్ని చూసినవాడిగా ఆ మాట చెప్పడం నాకు ఇబ్బందిగానే అనిపించింది.

దానికి బదులు, వెకాతోపాటే వచ్చే వాతావరణం డేటా ఫైలును ఉదాహరణగా తీసుకోమన్నాను. అందులో 14 వరుసలు ఉంటాయి. ఆకాశం ఎలా ఉంది, వేడి ఎంత, తేమ ఎంత, గాలి వీస్తోందా అన్న నాలుగు విషయాలను బట్టి ఆ రోజు ఆట ఆడవచ్చా లేదా అన్నది తేల్చాలి. వాటిలో 9 రోజులకు ఆడవచ్చని, 5 రోజులకు కూడదని ఉంటుంది. మబ్బు పట్టిన 4 రోజులకూ ఆడవచ్చనే ఉంటుంది. ఆ ఒక్క గమనిక చాలు, డేటాలో దాగిన నియమాన్ని వెలికితీయడం అంటే ఏమిటో కొత్త పాఠకుడికి అర్థం కావడానికి. ఈ ఉదాహరణ పాఠ్యపుస్తకాల్లో అచ్చయింది కనుక దానికి మూలం చూపడం కష్టం కాదు.

తెలుగు వాక్యం గురించి కొంత చెప్పాలి. ఆంగ్ల వికీపీడియా వ్యాసాన్ని అనువదించడానికి అనుమతి ఉంది. అనువాదమని దిద్దుబాటు సారాంశంలో రాసి, ఆ వ్యాసానికి లింకు ఇస్తే చాలు. అయితే యంత్రం ఇచ్చిన అనువాదాన్ని అలాగే ఉంచితే, "వెకా అనేది డేటా మైనింగ్ పనుల కొరకు యంత్ర అభ్యాస అల్గారిథముల యొక్క ఒక సేకరణ" వంటి వాక్యం మిగులుతుంది. దాన్ని, "వెకా డేటా మైనింగ్‌కు ఉపయోగపడే స్వేచ్ఛా సాఫ్టువేరు. దీన్ని వైకాటో విశ్వవిద్యాలయంలో రూపొందించారు" అని తిరగరాయండి. మైనింగ్‌ను గనుల తవ్వకంగా మార్చవద్దు; జనం వాడే మాటనే ఉంచి, మొదటిసారి వచ్చిన చోట అర్థాన్ని ఒక వాక్యంలో వివరించండి. పేర్ల ఉచ్చారణను కూడా సరిచూసుకోవాలి. మన ల్యాబుల్లో చాలామంది వేకా అంటారు గానీ, ఎగరలేని ఒక న్యూజీలాండ్ పక్షి పేరు కూడా అయిన ఆ మాటను వెకా అనే పలకాలి. వ్యాసానికి ఆ పేరే పెట్టి, వేకా అన్న పేరుతో అసలు వ్యాసానికి తీసుకెళ్ళే ఒక దారిమార్పు పేజీ సృష్టిస్తే వెతికేవారికి ఇబ్బంది ఉండదు.

"ప్రస్తుతం", "ఇటీవల" అన్న మాటలను వాడకండి. జర్మనీలోని డోర్ట్‌మండ్‌లో 2001లో యేల్ అన్న పేరుతో మొదలైన మరో డేటా మైనింగ్ సాఫ్టువేరు 2007లో ర్యాపిడ్‌మైనర్‌గా మారింది, 2022లో ఆల్టెయిర్ అనే సంస్థ చేతికి వెళ్ళింది, 2025లో ఆల్టెయిర్‌నే సీమెన్స్ కొనుగోలు చేసింది. "ప్రస్తుతం ఆల్టెయిర్‌కు చెందినది" అని రాసినవారి వాక్యం మూడేళ్ళలో పాతబడింది. "2022లో ఆల్టెయిర్ కొనుగోలు చేసింది" అని రాసిన వాక్యం ఇప్పటికీ సరైనదే.

బొమ్మల విషయంలో, వెకా వంటి స్వేచ్ఛా సాఫ్టువేరు తెరపట్టును (స్క్రీన్‌షాట్‌ను) లైసెన్సు పేర్కొని, వికీపీడియా బొమ్మలను దాచే కామన్స్‌లోకి ఎక్కించవచ్చు, యాజమాన్య సాఫ్టువేరు తెరపట్టును ఎక్కించకూడదు. మీరు పనిచేసే సంస్థ ఉత్పత్తి గురించి రాయవలసి వస్తే, ఆ సంబంధాన్ని మీ వాడుకరి పేజీలో చెప్పి, మార్పులను చర్చ పేజీలో ప్రతిపాదించండి. అందుకు డబ్బు తీసుకుంటున్నట్లయితే ఆ సంగతి వెల్లడించడం తప్పనిసరి.

ప్రచురించే ముందు మునుజూపు చూసి, మూలాలన్నీ మూలాలజాబితాలో సరిగా కనబడుతున్నాయో లేదో గమనించండి. సారాంశంలో "మార్పులు చేశాను" అని కాక, "లైసెన్సు వివరానికి మూలం చేర్చాను" అన్నట్లు చేసిన పనిని రాయండి. తరువాతి మార్పులు తెలిసేలా వ్యాసాన్ని వీక్షణ జాబితాలో పెట్టుకోండి. ఎవరైనా మీ మార్పును వెనక్కి తిప్పితే, మళ్ళీ అదే మార్పును చేయకుండా చర్చ పేజీలో మీ మూలాన్ని చూపి కారణం అడగండి. వారం గడిచినా జవాబు రాకపోతే, ఆ చర్చకు లింకు ఇస్తూ, తెవికీ వాడుకరులందరూ మాట్లాడుకునే రచ్చబండ పేజీలో రాయండి.