రాక్, హెవీ మెటల్ సంగీతకారుల మీద క్విజ్ పెట్టాలనుకునేవారికి

విజయవాడలోనో గుంటూరులోనో రాక్, హెవీ మెటల్ సంగీతం మీద క్విజ్ పెడుతున్నామనగానే ఎదురయ్యే మొదటి ప్రశ్న, అసలు ఎవరైనా వస్తారా అని. వస్తారు. హాస్టల్ గదిలో ఒకే హెడ్‌ఫోన్ చెరో చెవిలో పెట్టుకుని మెటాలికా విన్నవాళ్లు, కేసెట్ల కాలంలో బీసెంట్ రోడ్డంతా గాలించి డీప్ పర్పుల్ కొనుక్కున్నవాళ్లు, 2007 మార్చి 17న ఐరన్ మెయిడెన్ కచేరీకో 2011 అక్టోబరు 30న మెటాలికా కచేరీకో రాత్రి రైలెక్కి బెంగళూరు వెళ్లివచ్చినవాళ్లు ఈ రెండు ఊళ్లలోనూ ఉన్నారు. వాళ్ల వెంట, క్వీన్ పాట ఒకటి తప్ప మరేదీ వినని స్నేహితులు కూడా వస్తారు. ఈ ఇద్దరూ ఒకే హాలులో మూడు గంటలపాటు ఇష్టంగా కూర్చోగలిగేలా ప్రశ్నలు రాయడమే అసలు పని. కాబట్టి హాలు మాట్లాడటానికి ముందే, కనీసం నెల రోజులు ముందుగా, ప్రశ్నల పని మొదలుపెట్టాలి.

మంచి ప్రశ్నకు నేను పెట్టుకున్న కొలత ఒక్కటే: జవాబు తెలియనివాడు కూడా ఆలోచించి దాని దగ్గరదాకా రాగలగాలి. "బ్లాక్ సబ్బత్ గిటారిస్టు ఎవరు?" అని అడిగితే తెలిసినవాడు చెబుతాడు, తెలియనివాడు పక్కచూపులు చూస్తాడు. "టోనీ అయోమీ ఏ సంవత్సరంలో పుట్టాడు?" అని అడిగితే తెలిసినవాడు కూడా తడుముకుంటాడు, జవాబు విన్న తరువాత ఎవరికీ మిగిలేది ఏమీ ఉండదు. ఆ గిటారిస్టు అయోమీ మీద ప్రశ్ననే నేను ఇలా రాసుకున్నాను: "బర్మింగ్‌హామ్‌లో రేకుల ఫ్యాక్టరీలో పనిచేసే 17 ఏళ్ల కుర్రాడికి, ఉద్యోగం మానేస్తున్న చివరి రోజున, మర మీద కుడిచేతి రెండు వేళ్ల కొసలు తెగిపోయాయి. ఎడమచేతివాటం మనిషి కాబట్టి గిటారు తీగలు నొక్కవలసింది ఆ వేళ్లతోనే. ప్లాస్టిక్ సీసాను కరిగించి, వేళ్లకు తొడుగులు తయారుచేసుకుని, వాటిమీద తోలు ముక్కలు అతికించుకున్నాడు. తరువాతి కాలంలో తీగల బిగువు తగ్గించి, శ్రుతి దించి వాయించాడు. ఆ బరువైన మంద్రధ్వని ఒక సంగీతరీతికే గుర్తుగా నిలిచింది. ఎవరాయన?" దీన్ని చదువుతున్నప్పుడు హాలును గమనించండి. హెవీ మెటల్ విన్నవాడు "తొడుగులు" అన్న మాట దగ్గరే తల ఎత్తుతాడు. ఆ సంగీతం తెలియకపోయినా వీణో వయొలినో నేర్చుకున్న అమ్మాయి శ్రుతి దించడం దగ్గర ముందుకు వంగి వింటుంది. బాలమురళీకృష్ణగారు ప్రిన్సిపాల్‌గా పనిచేసిన సంగీత కళాశాల ఉన్న ఊరు విజయవాడ. మన ప్రేక్షకులకు శ్రుతి, స్థాయి, లయ అన్న మాటలు పుట్టుకతో వచ్చినట్టే ఉంటాయి. వాటిని వాడుకుంటే సగం వివరణ తప్పుతుంది.

ప్రశ్న ఎంత బాగున్నా దానికి ఒకే ఒక్క జవాబు ఉండాలి. ఈ పాఠం నాకు గుంటూరులో, బ్రాడీపేటలోని ఒక చిన్న హాలులో అర్థమైంది. "ఎడమచేతివాటం వల్ల కుడిచేతి గిటారును తిరగేసి పట్టుకుని వాయించిన అమెరికన్ గిటారిస్టు ఎవరు?" అని రాతపోటీలో అడిగాను. నా దగ్గరున్న జవాబు జిమీ హెండ్రిక్స్. ఒక పెద్దాయన ఆల్బర్ట్ కింగ్ అని రాస్తే తప్పు పెట్టాను. ఆ ఒక్క మార్కుతో వాళ్ల జట్టు ఫైనల్స్‌కు దూరమైంది. బహుమతులు ఇచ్చేసిన తరువాత ఆయన నెమ్మదిగా నా దగ్గరికి వచ్చి, ఇద్దరూ గిటారును తిరగేసినవాళ్లేననీ, హెండ్రిక్స్ తీగలు మార్చి కట్టుకుంటే కింగ్ మాత్రం ఉన్నవి ఉన్నట్టే ఉంచి సన్న తీగ పైన, లావు తీగ కింద ఉండేలా వాయించాడనీ చెప్పారు. ఆయన చెప్పింది అక్షరాలా నిజం. ఆయనకు క్షమాపణ చెప్పుకున్నాను గాని, ఆ జట్టుకు ఫైనల్స్ తిరిగి ఇవ్వలేకపోయాను. అప్పటినుంచి ప్రతి ప్రశ్న రాసిన తరువాత పది నిమిషాలు దానికి రెండో జవాబు వెతకడానికే కేటాయిస్తున్నాను. దొరికితే ప్రశ్నకు ఇంకో ఆనవాలు చేరుస్తాను. పై ప్రశ్నకు "1969లో వుడ్‌స్టాక్ వేదిక మీద అమెరికా జాతీయగీతాన్ని గిటారు మీద పలికించిన" అన్న మాటలు చేర్చి ఉంటే ఆ పెద్దాయన జట్టుకు అన్యాయం జరిగేది కాదు.

సంవత్సరాలను జవాబుగా అడగకపోవడమే మేలు. డీప్ పర్పుల్ పాట "స్మోక్ ఆన్ ద వాటర్"నే తీసుకోండి. స్విట్జర్లాండ్‌లోని మాంట్రూలో ఫ్రాంక్ జప్పా కచేరీ జరుగుతుండగా ప్రేక్షకుల్లో ఒకరు ఫ్లేర్ గన్ (మండే వెలుగు గుండును చిమ్మే తుపాకి) పేల్చడంతో కాసినో కాలిపోయింది 1971 డిసెంబరు 4న. ఆ పాట ఉన్న ఆల్బమ్ వచ్చింది 1972లో. దాన్ని సింగిల్‌గా, అంటే విడిపాట రికార్డుగా, విడుదల చేసింది 1973లో. "ఈ పాట ఏ సంవత్సరానిది?" అంటే మూడు జట్లు మూడు జవాబులు చెప్పి ముగ్గురూ వాదనకు దిగుతారు. అదే, రికార్డింగ్ కోసం వెళ్లిన సంగీతకారులు సరస్సు మీద పరుచుకున్న పొగను చూస్తూ నిలబడిన దృశ్యం చెప్పి, పాట పేరు అడగండి. చలికాలం తెల్లవారుజామున ప్రకాశం బ్యారేజీ మీంచి కృష్ణను చూసినవాడికి నీటి మీద తెర కళ్లకు కట్టినట్టు ఉంటుంది. పాట వినకపోయినా పేరు ఊహించగలుగుతాడు.

ప్రశ్నలన్నీ కలిపి ఒక వరసలో చూసుకున్నప్పుడు ఏదో ఒక వైపు మొగ్గు కనిపిస్తుంది. నా ప్రశ్నలు ఎప్పుడూ 1970ల బ్రిటన్ వైపే మొగ్గుతాయి, దాన్ని పట్టుబట్టి సరిచేసుకోవాలి. మన దేశంతో ముడిపడిన ప్రశ్నలు నాలుగైదు తప్పకుండా పెట్టండి. జాంజిబార్‌లో ఫరూఖ్ బల్సారాగా పుట్టి, మహారాష్ట్రలోని పంచగనిలో బడిలో చదువుకుని, అక్కడే స్నేహితులతో కలిసి మొదటి బృందం కట్టిన పార్సీ కుర్రాడే క్వీన్ బృందం గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ అని తెలిసినప్పుడు హాలులో కలిగే ఆశ్చర్యం వేరు. ఎంపీసీ చదివినవాళ్లు అడుగడుగునా ఉండే ఊళ్లు మనవి కనుక, తండ్రితో కలిసి పాత పొయ్యిగూటి చెక్కతో గిటారు చేసుకుని, మధ్యలో వదిలేసిన ఖగోళ భౌతికశాస్త్ర పరిశోధన పూర్తిచేసి 2007లో డాక్టరేటు అందుకున్న క్వీన్ గిటారిస్టు బ్రయన్ మే మీద ప్రశ్న ఎప్పుడూ పండుతుంది. ఇక మత్తుమందులు, మరణాలు, వేదిక మీది వికృత చేష్టలు చుట్టూ తిరిగే ప్రశ్నలను నేను దాదాపు మానేశాను. 1984 డిసెంబరు 31న కారు ప్రమాదంలో ఎడమచెయ్యి కోల్పోయి, ఆ చేతి పనిని కాలి పెడళ్లకు నేర్పి, 1987లో డెఫ్ లెపార్డ్ ఆల్బమ్ "హిస్టీరియా"లో డ్రమ్స్ వాయించిన రిక్ ఆలెన్ గురించి అడిగేటప్పుడు కూడా ప్రమాదం మీద కాక, ఆయన డ్రమ్స్ ఎలా అమర్చుకున్నాడన్నదాని మీద ప్రశ్న నిలపాలి.

పాటలు వినిపించే రౌండు లేకపోతే ఇది సంగీతం మీద క్విజ్ అనిపించుకోదు. అందరికీ తెలిసిన గిటారు వరస వినిపిస్తే మొదటి రెండు క్షణాల్లోనే ఆట అయిపోతుంది. పాటలో ఎవరూ పట్టించుకోని చోటును వెతకండి. నాకు బాగా పనికొచ్చిన ప్రశ్న, మూడు పాటల్లో మోగే మూడు వేర్వేరు గంటల మోతలు. మొదటిది వానలో దూరంగా మోగే గంట, 1970లో వచ్చిన బ్లాక్ సబ్బత్ తొలి ఆల్బమ్ మొదలయ్యేది దానితోనే. రెండోది 1980లో చనిపోయిన గాయకుడు బాన్ స్కాట్‌కు నివాళిగా ఏసీ/డీసీ "బ్యాక్ ఇన్ బ్లాక్" ఆల్బమ్ ఆరంభంలో పెట్టిన గంట. మూడోది 1984 నాటి మెటాలికా పాటలోది. ఒక్కొక్కటి పది సెకన్లు వినిపించి మూడు బృందాల పేర్లూ అడగండి. కనకదుర్గమ్మ కొండ కింద పెరిగిన చెవులకు గంట గంటకూ తేడా పట్టడం కష్టం కాదు. అయితే హాలులో ఫ్యాన్లు తిరుగుతుండగా చివరి వరసలో నిలబడి ముందే విని చూసుకోవాలి. మంద్రధ్వనులు చిన్న స్పీకర్లలో అసలు పలకవు.

నిర్వహణ గురించి చెప్పవలసింది కొద్దిగానే ఉంది. జట్టుకు ఇద్దరు, రాతపోటీకి 20 ప్రశ్నలు, అరగంట వ్యవధి, ఆరు జట్లు ఫైనల్స్‌కు. రాతపోటీలో అయిదు ప్రశ్నలకు చుక్క గుర్తు పెట్టి, మార్కులు సమానమైనప్పుడు వాటిలో ఎక్కువ రాసిన జట్టును తీసుకోండి. పేర్లు తెలుగులో ఎలా రాసినా, పలుకు దగ్గరగా ఉంటే మార్కు ఇవ్వాలి. ఇది అక్షరదోషాల పరీక్ష కాదు. ఫైనల్స్‌లో పౌన్స్, బౌన్స్ పద్ధతి అన్నిటికన్నా న్యాయమైనది. ప్రశ్న చదవగానే, జవాబు గట్టిగా తెలుసనుకున్న ఏ జట్టయినా 20 సెకన్లలో చీటీ మీద రాసి ఇస్తుంది, ఇది పౌన్స్: ఒప్పయితే 10 మార్కులు వస్తాయి, తప్పయితే 5 పోతాయి. చీటీ ఇవ్వని జట్లకు ప్రశ్న వరసగా వెళుతుంది, ఇది బౌన్స్, అక్కడ తప్పు చెప్పినా కోత ఉండదు. సగం ప్రశ్నలయ్యాక వరసను తిరగేయాలి, లేకపోతే చివర కూర్చున్న జట్టుకు అవకాశాలు తగ్గుతాయి. మేనెల ఎండల్లో పగటిపూట పెట్టకండి. కరెంటు పోతే స్క్రీన్ లేకుండానే నడపగలిగేలా ప్రశ్నలన్నీ కాగితం మీద కూడా ఉంచుకోండి.

ఫైనల్స్‌లో మొదటి స్థానానికి రెండు జట్లు సమానంగా నిలిచినప్పుడు ఒక అంకె అడగడం మంచి పద్ధతి, రెండూ ఒకేసారి కాగితం మీద రాస్తాయి కనుక తొందరపాటుకు తావుండదు. దానికి ముందు వినిపించిన ఏసీ/డీసీ గంటను మళ్లీ ఒకసారి మోగించండి. ఇంగ్లండ్‌లోని లఫ్‌బరోలో గంటలు పోతపోసేవారితో చేయించిన ఆ గంట బరువు ఎంత అని అడిగి, ఒక నిమిషం సమయం ఇవ్వండి. జవాబు 2,000 పౌండ్లు, అంటే దాదాపు 900 కిలోలు. ఎవరి అంకె దానికి దగ్గరగా ఉంటే వాళ్లదే మొదటి బహుమతి.